బావ వేసిన వకాలతు

ధారావాహిక: పదకొండో వారం

గౌరి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

తెల్లవారుజామున మొదటి బస్సెక్కి హిందూపురం నుంచి ధర్మవరం వచ్చిన మనిషి, చెప్పులు విడవకుండా అరుగు మీదే కూర్చుంది. గంటయినా లోపలికి రాలేదు. వదిన నాగరత్నమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. కాఫీ తెచ్చి దాని పక్కన పెట్టింది. కాఫీ మీద మీగడ కట్టింది గానీ గౌరి చెయ్యి అటు పోలేదు. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ నీళ్లు తాగకుండా కూర్చుందంటే కోపం ఎంతవరకు వచ్చిందో ఆ వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు.

లోపల మగ్గం గుంతలో కూర్చున్న అంజనప్పకు అది ఇంకా బాగా తెలుసు. అందుకే చెల్లెలి ముఖం చూడకుండా దించిన తల ఎత్తకుండా నేస్తున్నాడు. మొన్నటి నుంచి జానెడు బట్ట సరిగ్గా నెయ్యని మనిషికి ఈ పొద్దు పని మీద ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది.

"వదినా, నిన్న పెనుకొండకు పోయినావంట," అంది గౌరి చివరికి.

"పోయినా."

"ఏం పని మీద?"

"తెలిసే వచ్చినావు కదా గౌరీ. నా నోటితో చెప్పించాలనా?"

"అవును. నీ నోటితోనే వినాలని వచ్చినా."

"దేవదాసు వకీలును చూసేదానికి పోయినా."

మగ్గం చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

పెనుకొండ కోర్టు వరండాలో అన్న మాట హిందూపురం చేరడానికి ఒక్క ప్యాసింజరు బండి చాలు. నిన్న మధ్యాహ్నం నాగరత్నమ్మ దేవదాసు ఇంటి మెట్లెక్కితే, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆ సంగతి గౌరి భర్త చెవిన పడింది. గౌరి భర్త మల్లికార్జున కూడా వకీలే. అంజనప్ప మీద పడిన దావాలో వకాలతు వేసింది ఆయనే.

"మా ఇంటాయన నీ కంటికి వకీలు మాదిరి కనపల్యా?" అంది గౌరి. "రూపాయి ముట్టకుండా వకాలతు వేసినాడు. స్టాంపులకు కూడా చేతి దుడ్లే పెట్టుకున్నాడు. ఇంకొకరైతే గుమాస్తా ఖర్చని, ఆ ఖర్చని, ఈ ఖర్చని నిన్ను ఎన్నిసార్లు తిప్పుకునేవాళ్లో."

"తీసుకునింటే బాగుండేది గౌరీ. దుడ్లు ఇచ్చినోళ్లయితే ఏమైందని గట్టిగా అడుగుతారు. ఊరికే చేసేటాయన్ని మేం ఏమని అడిగేది? అడగకనే కదా ఇంతదూరం వచ్చింది."

ఇంతదూరం అంటే ఎంతదూరమో చెప్పాలి. హిందూపురంలో బట్టల అంగడి రాజశేఖర్, తాను నేయించుకున్న ఏడు చీరలకు రంగు దిగిందని, నష్టం ఇరవై రెండు వేల నాలుగు వందలు అంజనప్పే కట్టాలని దావా వేశాడు. కోర్టు మూడు వాయిదాలు ఇచ్చింది. మూడింటికీ అంజనప్ప తరఫున జవాబు దాఖలు కాలేదు. ఇంక చాలనుకుని ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేసింది. అంటే, ఎదుటివాడి మాట వినకుండానే తీర్పు. ఆ సంగతి ఈ ఇంట్లో తెలిసింది మొన్న, రాజశేఖర్ వకీలు పంపిన రిజిస్టరు ఉత్తరంతో. డబ్బు కట్టకపోతే ఇల్లు జప్తు చేయిస్తామని అందులో ఉంది. తీర్పు రద్దు చేయమని అడగడానికి ముప్పై రోజులు గడువు. ఈ పొద్దు ఇరవై తొమ్మిదో రోజు.

ఇరవై రెండు వేల కోసం ఇల్లు పోతుందా అని అడిగేవాళ్లు వాళ్ల ఇంట్లోకి ఒకసారి తొంగి చూడాలి. ఆ ఇంట్లో అమ్మదగిన సామాను లేదు. ఉన్నదల్లా నేలలో తవ్విన మగ్గం గుంత. గుంత ఉన్న ఇల్లు ఇంకోటి అద్దెకు దొరకడం, దొరికినా అడ్వాన్సు కట్టడం వాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఇల్లు పోతే మగ్గం పోతుంది. యాభై ఏళ్ల వయసులో అంజనప్ప పరాయి మగ్గం మీద కూలికి కూర్చోవాలి.

"పిటిషన్ వేస్తానని రాత్రి కూడా చెప్పినాడు," అంది గౌరి. "ఆయన మాట మీద నమ్మకం లేదా?"

"రేపొక్క దినమే ఉండాది గౌరీ. మూడు వాయిదాలూ ఇట్లనే చెప్పినాడు."

"వకాలతు మార్చాలంటే ఆయన సంతకం పెట్టియ్యాల, తెలుసా? నాకు అభ్యంతరం లేదు అని. సొంత బామ్మర్దే నమ్మలేదని హిందూపురం బార్‌లో వకీళ్లందరూ చూస్తారు. రేపట్నించి మా గుమ్మం ఎవురు ఎక్కుతారు? చెప్పు."

నాగరత్నమ్మ చల్లారిన కాఫీ తీసి అవతల పెట్టింది.

"అన్నా," అని గౌరి లోపలికి గొంతు పెంచింది. "నువ్వేమీ మాట్లాడవా?"

అంజనప్ప అటూ ఇటూ పోగు తిప్పే నాడెను వెయ్యడం ఆపాడు. ఆపి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"సరే. నాకు అర్థమైందిలే." గౌరి లేచింది. "ఆ కాగితం మీద ఆయన సంతకం అడిగినారంటే నేను మళ్లీ ఈ గడప తొక్కను. మీరు మా గడప తొక్కొద్దండి."

"నీళ్లన్నా తాగి పో గౌరీ."

గౌరి చెంబు వంక చూసింది. ఒక అడుగు అటు వేసి, ఆగి, వీధిలోకి దిగి వెళ్లిపోయింది. సందు మలుపు దాటేదాకా వెనక్కి చూడలేదు.

నాగరత్నమ్మ ఆ నీళ్లు తులసి మొక్కకు పోసి లోపలికి వచ్చింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ ఆడబిడ్డతో ఆమె మాట మాట అనుకున్నది లేదు. గౌరి మొదటి కాన్పు ఈ ఇంట్లోనే, ఈ చేతుల మీదే జరిగింది.

"లేయ్యా," అంది భర్తతో. "పది గంటల బండి తప్పిపోతే ఇంక ఏమీ లేదు."

"బావను ఎట్ల అడిగేది?"

"నువ్వు అడగొద్దు. నేనే అడుగుతా. నువ్వు పక్కన నిలబడు, చాలు."

"నిలబడేది కూడా కష్టమే నాగరత్నా," అన్నాడు అంజనప్ప. అయినా లేచి చొక్కా వేసుకున్నాడు.

*

పెనుకొండలో దేవదాసు వకీలుది కొండ కింద చిన్న మేడ. బయట బోర్డు కూడా సరిగ్గా లేదు. అరవై దాటిన మనిషి. ఏ కేసు పట్టినా గెలుస్తాం అని చెప్పడని, ముందు పది ప్రశ్నలు వేసి, వచ్చినవాళ్లలో సగం మందిని వెనక్కి పంపేస్తాడని పేరు. ఆ పేరు వినే నాగరత్నమ్మ ఆయన దగ్గరికి పోయింది. గెలుస్తాం అని చెప్పే వకీలు వాళ్లకు ఇప్పటికే ఒకాయన ఉన్నాడు.

మొగుణ్ణి వెంటబెట్టుకు రమ్మని నిన్న ఆమెను పంపించిన దేవదాసు, ఈ పొద్దు అంజనప్పను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ముక్కు మీది కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"ఈ కాగితం మీద సంతకం నీదేనా అంజనప్పా?"

రాజశేఖర్ దావాతో పాటు పెట్టిన కాగితం నకలు అది. 'ఇది మగ్గం తప్పు' అని ఒకే ఒక్క వాక్యం, కింద అంజనప్ప సంతకం.

"నాదే సార్."

"చీరకు రంగు దిగింది మగ్గం వల్లనా?"

అంజనప్ప భార్య వంక చూశాడు. నాగరత్నమ్మ అందుకుంది. "పట్టు ఆయప్ప ఇచ్చిందే సార్. రంగు వేయించి మరీ ఇచ్చినాడు. మేం నేసింది మాత్రమే."

"అట్లయితే ఎందుకు రాసిచ్చినావు?"

ఆ వీధి నేతగాళ్లకు తప్ప ఇంకెవరికీ అర్థం కాని సంగతి అది. ఆ ఏడు చీరల్లో ఒకటి హిందూపురంలో పెళ్లికూతురు కట్టుకుంది. పసుపునీళ్లు పడేసరికి వంకాయ రంగు దిగి అంచంతా పాకింది. మగపెళ్లివాళ్లలో గుసగుసలు మొదలయ్యాయి, పిల్ల అడుగు మంచిది కాదని. రాజశేఖర్ కబురు పెడితే అంజనప్ప పరుగున పోయాడు. పోయి, పెళ్లిపందిట్లో అందరి ముందూ చేతులు జోడించి, ఇది మగ్గం తప్పు, పిల్లది కాదు అన్నాడు. పెళ్లిచీరకు ఏం జరిగినా నేసినవాడు తన మీద వేసుకోవాలి. అంజనప్ప తండ్రి అట్లాగే అన్నాడు, తాత అట్లాగే అన్నాడు. అక్కడితో ఆ మాట అయిపోవాలి. మర్నాడు రాజశేఖర్ ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాడు. పదిమందిలో అన్న మాటేగా, కాగితం మీద ఉంటే ఏమౌతుందిలే అనుకుని పెట్టాడు.

దేవదాసు అంతా విన్నాడు. నవ్వలేదు, తిట్టలేదు.

"రేపు జడ్జి ముందర తప్పు రాజశేఖర్ వేయించిన రంగుదేనని చెప్తావా?"

"ఆ పిల్ల కాపురం చేసుకుంటాండాది సార్," అన్నాడు అంజనప్ప మెల్లగా. "ఇప్పుడు మగ్గం తప్పు కాదంటే మళ్లీ ఆ పిల్ల మీదికే పోతాది."

నాగరత్నమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఊళ్లోవాళ్ల పిల్ల కాపురం నిలబడాల. మన ఇల్లు పోతే మాత్రం ఏమీ కాదు. అంతేనా?"

"అమ్మా, ఆ తగవు తర్వాత," అన్నాడు దేవదాసు. "ఇప్పుడు కోర్టు తలుపు మూసుకుని ఉండాది. ముందు అది తీయించాల. లోపలికి పోయినాక ఏం చెప్పాలో అప్పుడు చూద్దాం. వాయిదాలకు జవాబు ఎందుకు వెయ్యలేదు?"

"మా బావకే తెలియాల సార్," అన్నాడు అంజనప్ప. "మీరు రానక్కర్లేదు, నేను చూసుకుంటా అన్నాడు. మేం పోలేదు."

దేవదాసు కాగితాలు తీసి తన చేత్తోనే రాయడం మొదలుపెట్టాడు. గుండ్రటి తెలుగు అక్షరాలు. అరగంట రాసి, రెండు కాగితాలు నాగరత్నమ్మ చేతిలో పెట్టాడు.

"మొదటిది వకాలతు మార్చుకునేదానికి మల్లికార్జున అభ్యంతరం లేదని పెట్టాల్సిన సంతకం. రెండోది ఆయన అఫిడవిట్. తీర్పు రద్దు చేయాలంటే గట్టి కారణం చూపించాల. నీ మొగుడికి జ్వరమని రాస్తే జడ్జి నవ్వుతాడు. వకీలే వచ్చి, తప్పు నా దగ్గర జరిగింది, కక్షిదారుది కాదు అని కారణంతో సహా ప్రమాణం చేస్తే వింటాడు. కారణం నాకు తెలీదు కాబట్టి రెండు వరుసలు ఖాళీ వదిలినా. ఆయన నోటితో విని రాయండి. చదువు వచ్చునా?"

"అయిదో తరగతి సార్."

"చాలు. నిజం మాత్రమే రాయండి. అబద్ధం రాసుకొచ్చినారంటే నేను రేపు హిందూపురం కోర్టులో నిలబడను. ఈ రెండూ లేకుండా వస్తే నిలబడినా లాభం లేదు."

నాగరత్నమ్మ కొంగు ముడి విప్పి ఉన్నదంతా బల్ల మీద పెట్టింది. మిగిలింది నెలలో ఇస్తానంది. దేవదాసు లెక్కపెట్టకుండా సొరుగులో వేసుకున్నాడు.

"ఊరికే చేస్తాననుకున్నావేమో. ఫీజు తీసుకుంటానమ్మా," అన్నాడు. "రేపు నేను పనిలో తప్పు చేస్తే నువ్వు నన్ను నిలదీయాల కదా."

*

రైల్లో హిందూపురం చేరేదాకా నాగరత్నమ్మ మనసులో మాటలు పేర్చుకుంటూనే ఉంది. అన్నా, కోపం చేసుకోవద్దు అని మొదలుపెట్టాలి. నీ మీద నమ్మకం లేక కాదు అనాలి. అక్కడ ఆయన అరుస్తాడు. అరిస్తే తల దించుకుని వినాలి, కాగితం మాత్రం ముందుకు జరపాలి. అన్నీ అనుకున్నది. ఆయన అరవకపోతే ఏం చెయ్యాలో మాత్రం అనుకోలేదు.

ఇంటి ముందుకు వచ్చాక అంజనప్ప కాళ్లు ఆడలేదు. "నువ్వు పో. నేను ఈడ ఉంటా," అని రోడ్డు అవతల టీ అంగడి పక్కన నిలబడిపోయాడు. పక్కన నిలబడితే చాలని పొద్దున తనే అన్నది కాబట్టి నాగరత్నమ్మ వాదించలేదు. ఎంత పక్కన అని చెప్పలేదు మరి.

గురువారం, మధ్యాహ్నం మూడు. కోర్టు జరిగే వేళ. మల్లికార్జున ముందుగదిలో పడకకుర్చీలో ఉన్నాడు. బల్ల మీద కట్టలు కట్టలుగా కేసు కాగితాలు. గుమాస్తా లేడు.

"ఎవరు?" అన్నాడు, ఆమె గుమ్మంలో నిలబడగానే.

"నేనన్నా. నాగరత్నను."

"రా అమ్మా, రా. గౌరి మార్కెట్‌కు పోయింది. అన్నం తిన్యారా?"

"తిన్యాం అన్నా," అని అబద్ధం చెప్పింది.

నాగరత్నమ్మ బల్లకు ఇవతల కూర్చుంది. పైన ఫ్యాను తిరుగుతూ ఉంది.

"కాగితం తెచ్చినావా?" అన్నాడు మల్లికార్జున.

"తెచ్చినా అన్నా."

"ఇట్లియ్యి."

అంతే. కోపం లేదు, నిష్ఠూరం లేదు. పెనుకొండ నుంచి పేర్చుకుంటూ వచ్చిన మాటలన్నీ ఆమె దగ్గరే మిగిలిపోయాయి. మొదటి కాగితం చేతికిచ్చింది. ఆయన దాన్ని చదవలేదు. బల్ల మీద పరిచి, బొటనవేలితో అంచు పట్టుకుని కిందికి జరుపుకుంటూ పోయాడు. మూల దొరికాక వేలు ఆగింది. జేబులోంచి పెన్ను తీశాడు.

"సంతకం యాడ?"

"ఆడనే అన్నా. కింద."

పెన్ను అంజనప్ప పేరు మీద దిగింది. దేవదాసు రాసిన అక్షరాలను అడ్డంగా కొట్టేస్తూ మల్లికార్జున సంతకం ఏటవాలుగా సాగిపోయింది.

నాగరత్నమ్మ సంతకం చూడలేదు. ఆ వేళ్లనే చూస్తూ ఉండిపోయింది. అట్లాంటి వేళ్లు ఆమెకు బాగా తెలుసు. ఆమె పని అచ్చు అతకడం. మగ్గం మీద అయిపోయిన పాత పడుగు కొసలకు, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టి కలపాలి. ఒక్కో మగ్గానికి వేల పోగులు. ఆ పని నేర్పిన రామాంజినమ్మకు చూపు పోయినా రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. కూలికి పిలవరని భయం. వేళ్లతోనే పోగు వెతుక్కునేది, తల మాత్రం చూస్తున్నట్టే వంచేది. పక్కన కూర్చున్న నాగరత్నమ్మ ఒక్కతే కనిపెట్టింది.

"ఎన్నాళ్లయిందన్నా?"

"ఏమి ఎన్నాళ్లు?"

"కండ్లు."

మల్లికార్జున పెన్నుకు మూత పెట్టబోయాడు. రెండుసార్లు తప్పింది. మూడోసారి పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"షుగరమ్మా," అన్నాడు. "ఎడమది పోయినట్టే. కుడిదాంట్లో నీడ మాదిరి తెలుస్తాది. బెంగళూరులో చూపించుకున్నా. ఆలస్యమైందన్నారు."

"మా కేసు..."

"మీ జవాబు టైపు చేయించే పెట్టినా. దేవుడి తోడు. మూడో వాయిదా దినం కట్టలోనే ఉండింది. కేసు పిలిచినారు. గుమాస్తా టీకి పోయినాడు. నేను కట్ట విప్పినా. దాంట్లో ఏది ఏ కాగితమో నాకు తెలియల్యా. చేతికి దొరికింది ఇచ్చినా. అది ఇంకెవరిదో భూమి కేసుది. జడ్జి వెనక్కి ఇచ్చినాడు. ఇంకోటి ఇచ్చినా. బెంచీల మీద ఎవురో నవ్వినారు. టైం కావాలని అడిగినా. ఇంక ఇయ్యనన్నాడు."

చెప్పడం అయ్యాక ఆయన గడ్డం కిందికి వంగింది. పొద్దున్నుంచీ ఈ మనిషిని నాగరత్నమ్మ మనసులో ఎన్నెన్ని అన్నది. ఏడుపు వచ్చింది. అదే సమయంలో, ఆ ఏడుపు కిందనే, ఇంకో సంగతి కూడా తెలిసింది. దేవదాసు అడిగిన గట్టి కారణం ఇదే. దీన్ని మించింది ఇంకోటి దొరకదు. అట్లా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"గౌరికి తెలుసా అన్నా?"

"తెలీదు. చెప్పొద్దు. ఏ రెండు మూడు పాత కేసులో అయిపోతే అప్పుడు చెప్తా."

"అన్నా, ఇంకో కాగితం ఉండాది." అఫిడవిట్ సంగతి, ఖాళీ వదిలిన రెండు వరుసల సంగతి చెప్పింది. ఆయన కదలకుండా విన్నాడు.

"గుమాస్తా వాయిదా తేదీ తప్పుగా రాసుకున్నాడని రాయి," అన్నాడు. "అట్ల ఎన్నో జరుగుతాయి. సంతకం పెడ్తా."

"నిజం రాయకపోతే ఆయన నిలబడనన్నాడు అన్నా."

"నిజం రాస్తే రేపు ఈ బోర్డు దించాలమ్మా. గుడ్డి వకీలు దగ్గరికి ఎవురొస్తారు? గౌరిని నేనేం పెట్టి సాకాల?"

ఆమె బల్ల మీది పెన్ను తీసుకుంది. రెండో కాగితం పరిచింది. అయిదో తరగతి అక్షరాలు పెద్దవిగా, వంకరగా వస్తున్నాయి. ముత్యాల్లాంటి దేవదాసు రాత మధ్య అవి ఇంకా అసహ్యంగా ఉన్నాయి.

"ఏం రాస్తాండావు?" అన్నాడు మల్లికార్జున. పెన్ను చప్పుడు వినిపించినట్టుంది.

"నువ్వు చెప్పిందే అన్నా."

"గుమాస్తా అని రాసినావా?"

"అంతకు ముందు చెప్పింది."

ఆయన బల్ల మీద చెయ్యి చాపి కాగితం కోసం తడుముకున్నాడు. ఆమె కాగితాన్ని పక్కకు జరుపుకుంది. చూపులేని మనిషి చేతికి అందకుండా జరుపుకుంది. ఆ పని తను చేసిందంటే ఆమెకే నమ్మకం కలగలేదు. రాయడం మాత్రం ఆపలేదు.

సరిగ్గా అప్పుడే గౌరి సంచితో లోపలికి వచ్చింది.

వదినను చూసింది. బల్ల మీద వెతుకుతున్న భర్త చెయ్యి చూసింది. సంచి కింద పెట్టి, మాట్లాడకుండా వచ్చి, నాగరత్నమ్మ చేతి కింద నుంచి కాగితం లాక్కుంది. కిటికీ దగ్గరికి పోయి మొదటి నుంచీ చదివింది. వంకర అక్షరాల దగ్గరికి వచ్చేసరికి పెదాలు ఆగిపోయాయి.

"గౌరీ, అది ఇట్లియ్యి," అన్నాడు మల్లికార్జున కంగారుగా. "అదేమీ లేదు. కోర్టు కాగితం."

"కండ్లు కనపడక అని రాసుండాది," అంది గౌరి.

"మీ వదిన ఏదో..."

"ఉగాది నుంచి నీ కంచంలో పప్పు కుడిపక్కనే ఎందుకు పెడ్తాండా అనుకుంటివి?"

మల్లికార్జున ఆమె గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. గౌరి కళ్లు తుడుచుకోలేదు. నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"పొద్దున నీళ్లు తాగకుండా వచ్చింది నీ మీద కోపంతో కాదు వదినా," అంది. "కేసు కట్ట ఇంకో వకీలు చేతికి పోతే, ఏం జరిగిందో వాళ్లు కనిపెడ్తారని. మీరు కనిపెట్టకూడదని వచ్చినా. మా కడుపు కొట్టొద్దు. ఇల్లు పోతే మా ఇంటికి రండి. ఉన్న గంజే అందరం తాగుదాం."

"ఎన్నాళ్లు తాగుతాం గౌరీ?" అంది నాగరత్నమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఈ పొద్దు కాకపోతే ఇంకో మాసానికి ఎవురో ఒకరు కనిపెడ్తారు. అప్పుడు మీదీ పోతాది. మాది ముందే పోయుంటాది."

"ఇంకో మాసం కదా. ఆ మాసం మాకు ఇయ్యి."

"నా దగ్గర మాసం లేదు. రేపే ఉండాది."

గౌరి కాగితాన్ని చించేస్తుందేమో అనుకుంది. చించలేదు. తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టి దాని మీద అరచెయ్యి ఆనించింది. నాగరత్నమ్మ మూత తీసిన పెన్నును మల్లికార్జున చేతిలో పెట్టి, ఆయన వేళ్లు మూసింది. కాగితం అంచు మీదికి ఆ చేతిని నడిపించబోయింది. గౌరి రెండో చెయ్యి వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది.

కొంతసేపు ముగ్గురూ అట్లాగే ఉన్నారు. రోడ్డు అవతల నుంచి అంజనప్ప ఇటే చూస్తున్నాడు. లోపల ఏం జరుగుతోందో ఆయనకు కనపడదు.

"ఇద్దరూ చేతులు తియ్యండి," అన్నాడు మల్లికార్జున.

గౌరి తియ్యలేదు. నాగరత్నమ్మా తియ్యలేదు.

(సశేషం)